ఖానాపూర్ సెంటర్‌లో రాజవ్వ రిపోర్టు

మా ఇంట్లోవాళ్ళను ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే "కంప్యూటర్లు చూస్తది" అని ఊరుకునేవారు. ఆ మాట పట్టుకుని బంధువులు ఆన్ కాని లాప్‌టాప్‌లు, కాగితాలు నమిలే ప్రింటర్లు తెచ్చి నా ముందు పెట్టేవారు. నాకు ప్రింటర్ బాగుచేయడం ఇప్పటికీ రాదు.

నేను పనిచేసింది రక్తపరీక్షల కంపెనీలో. పెద్ద ల్యాబ్ కరీంనగర్‌లో ఉండేది. చిన్న ఊళ్ళలో కంపెనీ సొంతంగా దుకాణం తెరవదు, అక్కడివాళ్ళకు ఫ్రాంచైజీ ఇస్తుంది. వాళ్ళు కంపెనీ పేరుతో బోర్డు పెట్టుకుని రక్తం, తెమడ తీసుకుంటారు, ఐసు డబ్బాలో సర్ది బస్సులో కరీంనగర్‌కు పంపుతారు. పరీక్ష ఫలితం తిరిగి ఆ దుకాణం కంప్యూటర్‌కు వస్తుంది. ఆ ఫలితం ఎవరిదో వాళ్ళకే చేరుతున్నదా, మధ్యలో ఇంకెవరి కంటా పడటం లేదు కదా అని చూడటం నా పని. మంథని నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న సెంటర్లన్నీ నావే. సగం ఉద్యోగం బస్సుల్లోనే గడిచింది.

ఇప్పుడు ఈ పనిలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి ఏ కోర్సు చేయాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చెప్పగలిగింది ఖానాపూర్ సంగతి. అక్కడికి చేరాలంటే ముందు ఇంకో రెండు ఊళ్ళు దాటాలి.

గోడ మీద పాస్‌వర్డ్

ఫ్రాంచైజీ ఒప్పందంలో కంప్యూటర్ గురించి చాలా పేజీలుంటాయి, అన్నీ ఇంగ్లీషులోనే. వాటిని పిండితే మిగిలేది కొంచెమే. ఎవరి ఐడీ వాళ్ళే వాడాలి. పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పకూడదు. ల్యాబ్ పని చేసే కంప్యూటర్‌లో వేరే పనులు పెట్టుకోకూడదు. కంపెనీ పంపే అప్‌డేట్లు ఆపకూడదు. రిపోర్టును పేషెంటు చేతికి గానీ, పేషెంటు ఇచ్చిన నంబరుకు గానీ తప్ప ఎక్కడికీ పంపకూడదు. ఏదైనా తేడా జరిగితే వెంటనే కంపెనీకి చెప్పాలి. సంతకం పెట్టేటప్పుడు దీన్ని ఎవరూ చదవరు. పెళ్ళిలో పంతులు మంత్రాలకు తలూపినట్టు తలూపి, ఎక్కడ సంతకం పెట్టాలో అడుగుతారు.

మంథనిలో ఒక పెద్దాయన సెంటర్‌కు మొదటిసారి పోయినప్పుడు కౌంటర్ వెనక గోడకు దేవుడి పటాలు, వాటి పక్కన పెద్ద అక్షరాలతో కంపెనీ పాస్‌వర్డ్ కనిపించాయి. దానికి కూడా పసుపు కుంకుమ పెట్టి ఉంది.

"గోడ మీద ఎందుకు పెట్టిండ్రు?" అన్నాను.

"మర్చిపోతే పని ఆగుతది కదా మేడం."

"వచ్చినోళ్ళందరికి కనబడుతది కదా."

"కనబడితే ఏమాయె? అందరు మనూరోళ్ళే కదా."

ఈ మాట తర్వాత నేను ప్రతి ఊళ్ళోనూ విన్నాను. దొంగ ఎక్కడో పరాయి దేశంలో కూర్చుని ఉంటాడని టీవీలో చూసి నమ్మినవాళ్ళకు పక్కింటాయన చూస్తే ఏమవుతుందో తట్టదు. అసలు చిన్న ఊళ్ళో రిపోర్టు బయటపడితే నష్టం చేయగలిగేది పక్కింటాయనే. మంథనిలో ఎవరికి షుగరుందో, ఎవరికి కడుపు నిలవలేదో ఆ దేశంకాని దేశపు దొంగకు తెలిసి ఏం చేసుకుంటాడు? ఆ పెద్దాయనతో ఆ కాగితం పీకించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పీకాడు గానీ, బొట్టు పెట్టిన కాగితాన్ని చెత్తబుట్టలో వేయనన్నాడు. నది దగ్గరికి పోయినప్పుడు గోదావరిలో కలుపుతానన్నాడు. సరే కలపండి అన్నాను. గోదావరికి పాస్‌వర్డ్ తెలిసినా నాకు అభ్యంతరం లేదు.

సంచి విప్పే ముందు

ఆదిలాబాద్‌లో నా మొదటి బాస్ దేవిదాస్ గారు. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ కలిపేవారు. తనిఖీకి పోగానే నేను లాప్‌టాప్ తీసి, ప్రశ్నల కాగితం తీసి బల్లంతా పరిచేదాన్ని. ఒకసారి ఆయన నన్ను ఆపేశారు.

"సంచి ఇప్పకు. ఆధీ బస్. కూసో ముందు. చాయ్ తాగు. ఎవలొస్తున్నరు, ఎవలు పోతున్నరు, చూడు."

అది జిన్నింగ్ మిల్లులకు పోయే దారిలో ఉన్న సెంటర్. కూర్చున్నాం, చాయ్ వచ్చింది. కాసేపటికి పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా ఒకాయన లోపలికి వచ్చి, ఎవరినీ అడగకుండా ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుని పత్తి బిల్లులు టైపు చేసుకోవడం మొదలుపెట్టాడు. ఓనరును అడిగితే "మధ్యాహ్నం మెషిన్ ఖాళీగనే ఉంటది కదా సార్" అన్నాడు. ఈ కంప్యూటర్‌ను వేరే పనులకు వాడుతున్నారా అన్న ప్రశ్నకు అదే ఓనరు అంతకుముందు "లేదు" అని రాసిచ్చాడు. అబద్ధమనుకుని రాయలేదు. వాడేది ఆయన కాదు కదా.

దేవిదాస్ గారికి కంప్యూటర్ గురించి నాకు తెలిసినంత తెలియదు. ఆ సంగతి ఆయనే ఒప్పుకునేవారు. కానీ దుకాణంలో కూర్చోవడం నేర్పింది ఆయనే. అది రాకపోతే ఖానాపూర్‌లో నేను అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసి వచ్చేసేదాన్ని.

ఖానాపూర్ నుంచి ఫోన్

ఒక రోజు కరీంనగర్ ఆఫీసుకు వచ్చిన ఫోన్‌ను అమ్మాయిలు నాకు కలిపారు.

"మీరు లాబోళ్ళేనా?"

"అవునమ్మా, చెప్పండి."

"నేను ఖానాపూర్ రాజవ్వను. బడిల వంట చేస్త. చేస్తుంటి. నాకు టీబీ అని నాకంటె ముందు ఊరోళ్ళకు ఎట్ల తెలిసింది? గది జర చెప్పుండ్రి."

ఆమె అరవలేదు, తిట్టలేదు. ధర అడిగినట్టు అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను. "కనుక్కోండ్రి. ఇది మా పక్కింటోళ్ళ ఫోను. నాకు ఫోన్ లేదు. మీరే రావాలె" అని పెట్టేసింది.

నిర్మల్ బస్సెక్కి, అక్కడ మారి ఖానాపూర్‌లో దిగాను. సెంటర్ నడిపేది భోజన్న. నా సెంటర్లలో ఒద్దికైన మనిషి ఆయనే. కంప్యూటర్ మీద దుమ్ము లేదు, గోడ మీద పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్లు ఎప్పటికప్పుడు చేసుకున్నాడు. తండ్రి పోయి ఎన్నాళ్ళో కాలేదు, గుండు మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. రాజవ్వ రిపోర్టు ఎవరికి పంపావంటే కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకున్నాడు.

"మా బాపు మీద ఒట్టు మేడం, నేను ఎవలకు పంపలే. గప్పుడు నేను దుకాణంలనే లేను."

ఆయన చెప్పింది నిజమని నాకు అనిపించింది. దుకాణంలో లేకపోతే మరి రిపోర్టులు ఎవరిచ్చారు అని అడగబోతుండగా పేషెంట్లు వచ్చారు. వాళ్ళ ముందు ఆ మాటలెందుకని ఫోన్ చార్జింగ్ పెట్టుకునే సాకుతో పక్కనున్న సెల్‌ఫోన్ల దుకాణంలోకి పోయి కూర్చున్నాను.

పక్క దుకాణం

ఆ దుకాణం దానియేలుది. చార్జర్ ఇచ్చాడు, కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు. ఫోన్లకు స్క్రీన్లు వేయడం, ఉద్యోగాలకు దరఖాస్తులు నింపడం, పాస్‌ఫొటోలు తీయడం అన్నీ ఆయనే. ఆయన కంప్యూటర్ ముందు ఎవరో ఒకరు కూర్చుని ఏదో టైపు చేసుకుంటూనే ఉన్నారు. ఖాళీ అయ్యాక నేను కూర్చుని మా కంపెనీ పేరులో మొదటి రెండు అక్షరాలు కొట్టాను. మా పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ అడగనే లేదు. పైన భోజన్న పేరుంది, కింద ఊళ్ళోవాళ్ళ రిపోర్టులన్నీ ఉన్నాయి.

ఆ కుర్చీలో అంతవరకు కూర్చుని లేచిన వాళ్ళలో ఎవరు ఆ రెండు అక్షరాలు కొట్టినా ఊరందరి రోగాలూ ముందుకొచ్చేవి.

"దానియేలూ, ఇదేంది?"

"భోజన్న ఐడీ మేడం" అన్నాడు, దాచేదేమీ లేనట్టు. "గాయన బాపు పోయిండు కదా. కొరివి పెట్టినోడు పెద్ద దినం దాకా గడప దాటద్దు. మాకు గా మైల పట్టింపు లేదు, మేం మెథడిస్ట్ చర్చోళ్ళం. గవన్ని జ్వరాల దినాలు. దుకాణం బంద్ పెడ్తే మంది ఎంత పరేషాన్ అయితరు? పొద్దుగాల సిస్టరమ్మ వచ్చి రక్తం తీసిపోతుండె, రిపోర్టులు నేనిచ్చిన. రెండు దుకాణాలు ఎట్ల చూస్త? అందుకే నా కంప్యూటర్లనే తెరుచుకున్న."

తరతరాలుగా ఇక్కడ జరిగేదే అది. ఒక ఇంట్లో చావైతే ఆ ఇంటి పశువులకు పక్కింటివాళ్ళు మేత వేస్తారు, పొలానికి నీళ్ళు కడతారు, దుకాణంలో కూర్చుంటారు. తాళంచెవి ఇచ్చినట్టే భోజన్న ఐడీ ఇచ్చాడు. తాళంచెవి మళ్ళీ తీసుకున్నాడు. ఐడీని తిరిగి తీసుకోవాలని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

"రాజవ్వ రిపోర్టు?"

"నేనే పంపిన. ఆమెకు ఫోన్ లేకపాయె. టీబీ అని ఉన్నది. చూసి నాకు మనసాగలే. జల్ది మందులు మొదలు పెట్టాలె కదా అని మహిళా సంఘం లీడర్ ఫోన్‌కు పంపి, రాజవ్వకు చెప్పుమన్న. ఆమె సంఘం గ్రూపుల పెట్టి, ఎవలన్న చెప్పుండ్రి అన్నది."

ఎవరో ఒకరు కాదు, అందరూ చెప్పారు. చెప్పేసరికి రాజవ్వ బడి వంటగదిలో బియ్యం కడుగుతోంది.

నాకు దానియేలు మీద కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు. ఆయన ఆ మంచితనంతోనే నా ఫోన్ చార్జింగ్ ఎంతయిందో చూస్తున్నాడు.

"రోగమచ్చింది కాబట్టి వంట ఆపిచ్చిండ్రు మేడం" అన్నాడు మెల్లగా. "నేను పంపినందుకు కాదు కదా?"

బడి వంటగది

దానికి జవాబు రాజవ్వే చెప్పింది. బడికి కొంచెం దూరంలో ఆమె ఇల్లు. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. విని, గింజలు పక్కకు నెట్టింది.

"డాక్టర్ వద్దంటే నేనే ఆగుతుంటి అక్కా. పిల్లల తిండి అది, నాకు తెల్వదా? సార్ దగ్గరికి పోయి, సార్ నాకు గిట్లయింది, మందులు వాడి వస్త అని నా నోటితోని చెప్పుకుందును. గిప్పుడు ఏమాయె? ఫోన్ల చూసినోళ్ళు నేను దాపెట్టిననుకున్నరు. రోగం పెట్టుకొని దొంగతనంగ పిల్లలకు వండిపెట్టిందన్నరు. మందులు వాడుతున్న. ఇగ వేరేటోళ్ళకు అంటదు, వంట చేసుకోవచ్చు అని డాక్టర్ రాసిచ్చిండు. బడోళ్ళు రానిస్తలేరు. దాపెట్టినదాన్ని ఎట్ల నమ్ముతరు?"

ఇన్నేళ్ళు నేను చదివిన ఒప్పందాల్లో, చెప్పిన పాఠాల్లో "సమాచార భద్రత" అన్న మాట ఎన్నిసార్లు పలికానో. అదేమిటో నాకు ఆ వాకిట్లో అర్థమైంది. మనిషికి తన సంగతి తాను చెప్పుకునే వీలుండాలి, అంతే. ఆ వీలు పోయాక ఆమె నిజం చెప్పినా బొంకినట్టే ఉంది. నాకు సిగ్గేసింది.

మరునాడు భోజన్నను, దానియేలును వెంటబెట్టుకుని బడికి పోయాను. హెడ్మాస్టర్ గదిలో పిల్లల తల్లులు కొందరు, సంఘం లీడర్ కూర్చున్నారు. రాజవ్వ దాచలేదనీ, ఆమెకు తెలియకముందే రిపోర్టు మా దగ్గర్నుంచి బయటికి పోయిందనీ, తప్పు మా సెంటర్‌దనీ చెప్పాను. కంపెనీ వకీలు వింటే నన్ను అక్కడే ఆపేసేవాడు. దానియేలు లేచి "నేనే పంపిన" అన్నాడు. తల్లుల్లో ఒకామె "మరి గియ్యాల్టిదాంక ఎందుకు చెప్పలే?" అంది. ఆ ప్రశ్న సరైనదే. మందుల కోర్సు పూర్తయి, ఆఖరు పరీక్షలో రోగం లేదని తేలితే అప్పుడు చూద్దామన్నారు హెడ్మాస్టర్. రాజవ్వ తలుపు బయటే నిలబడి విని వెళ్ళిపోయింది.

హైదరాబాద్ ఆఫీసులో

అప్పటి నా పైఅధికారి శ్రీధర్ గారు హైదరాబాద్‌లో ఉండేవారు. చెడ్డవాడు కాదు. కానీ సంతకం పెట్టించుకుంటే పని అయిపోయినట్టే అని నమ్మే మనిషి.

"ఒప్పందంలో స్పష్టంగా ఉంది కదండీ. ఐడీ ఇంకొకరికిస్తే రద్దు. రద్దు చేసేయండి."

"చేస్తే ఖానాపూర్‌వాళ్ళు జ్వరమొచ్చినా నిర్మల్ పోవాలి సార్. రాజవ్వ కూడా."

"అది మన సమస్య కాదు."

"సార్, మీ ఇంట్లో ఎవరైనా పోతే ఆ రోజుల్లో మీ సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"మా డిప్యూటీ ఉన్నాడు కదా."

"ఆయనకు ఆయన ఐడీ ఉంది. భోజన్నకు డిప్యూటీ ఎవరు?"

నేను అక్కడితో వదల్లేదు. మన ఒప్పందం రాసినవాళ్ళు దుకాణదారుకు జబ్బు చేయదనీ, అతని ఇంట్లో ఎవరూ చనిపోరనీ అనుకుని రాశారన్నాను. ఆ మాటకు చిరాకుపడ్డారు. చాలాసార్లు చిరాకుపడ్డాక, ప్రతి సెంటర్‌లో రెండో మనిషి పేరు ముందే రాయించుకుని, ఆ మనిషికి విడిగా ఐడీ, శిక్షణ ఇవ్వాలనే నిబంధన పెట్టారు. భోజన్నకు గట్టిగా హెచ్చరిక రాశారు. కొన్నాళ్ళు ఆ సెంటర్‌ను ఒక కంట కనిపెట్టి ఉండమని నాకు చెప్పారు.

ఆ రెండో పేరు దానియేలుదే పెట్టమన్నాను. ఆఫీసులో చాలామంది నవ్వారు, తప్పు చేసినవాడికే తాళం ఇస్తున్నావన్నారు. నా లెక్క వేరు. మళ్ళీ మైలొస్తే భోజన్న పిలిచేది దానియేలునే, ఏ ఒప్పందమూ దాన్ని ఆపలేదు. ఎలాగూ కూర్చునే మనిషి తన పేరుతో, తన బాధ్యతతో, ల్యాబ్ కంప్యూటర్ ముందే కూర్చోవాలి. రిపోర్టు ఎవరిదో వాళ్ళకే ఇవ్వాలని ఆయనకు పాఠం చెప్పే అవసరం కూడా రాలేదు. బడిలో లేచి నిలబడిన రోజే నేర్చుకున్నాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇదొక్కటే చెప్తాను. నిబంధన తప్పినవాడు దొరికితే ఎందుకు తప్పాడో అడగండి. దొంగబుద్ధితో తప్పితే తీసేయండి, జాలి పడకండి. నేనూ కొందరిని తీసేయించాను, నాకు ఏ బాధా లేదు. ఊరి పద్ధతి ప్రకారం మంచి చేయబోయి తప్పితే మాత్రం ఆ పద్ధతికి మీ నిబంధనలో చోటుందో లేదో చూడండి. ఇప్పుడు దీని మీద చట్టం కూడా వచ్చింది. చట్టమైనా ఫోన్ లేని మనిషికి రిపోర్టు ఎట్లా చేర్చాలో చెప్పదు. అది మీరు ఆలోచించాల్సిందే. ఖానాపూర్‌లో మేం చేసింది చాలా చిన్న పని. ఫోన్ లేనివాళ్ళకు మళ్ళీ ఏ రోజు రావాలో రక్తం తీసేటప్పుడే చెప్పడం, వచ్చినప్పుడు లోపలి గదిలో కూర్చోబెట్టి చదివి వినిపించడం.

చివరి తనిఖీ

నేను రిటైరయ్యే ముందు ఆఖరుసారి ఖానాపూర్ పోయిన రోజు రాజవ్వ ఆఖరు పరీక్ష రిపోర్టు వచ్చేది. కావాలనే ఆ రోజు చూసుకుని పోయాను. సంచి విప్పకుండా కూర్చున్నాను. భోజన్న రిపోర్టు తెరిచాడు. మొహం వెలిగింది గానీ నాకు కూడా చెప్పలేదు. అది చూసి నాకు సంతోషమైంది.

రాజవ్వ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. లోపలి గదిలో కూర్చోబెట్టి భోజన్న కాగితం చేతికిచ్చాడు. ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

"నువ్వు చదువు అక్కా. మెల్లగ."

చదివాను. రోగం లేదని ఉంది. ఇంకోసారి చదవమంది, చదివాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత తలుపు తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి "తక్కువైంది" అంది.

భోజన్నకు సంతోషం ఆగలేదు. పక్క దుకాణంలోంచి దానియేలు కూడా వచ్చి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాట కోసమే కాచుకున్నారని నాకు తెలుసు.

"అవ్వా, గిది మంచి వార్తనే కదా" అన్నాడు దానియేలు. "నువ్వు ఊ అంటే సంఘం గ్రూపుల పెట్టిపిస్త. అందరికి ఒక్కపారే తెలుస్తది."

నేను నోరు తెరవబోయి ఆగాను. అడిగాడు కదా, పెట్టలేదు కదా. అడగాల్సిన మనిషినే అడిగాడు.

రాజవ్వ కాగితాన్ని చిన్నగా మడిచి రవికలో పెట్టుకుంది.

"వద్దు బిడ్డా. చెడ్డది మీరు చెప్పిండ్రు. మంచిది నేను చెప్పుకుంట."

దానియేలు తలవంచుకున్నాడు. బడి దాకా బండి మీద దింపుతానన్నాడు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

"బండెందుకు? నడుసుకుంటనే పోత. తొవ్వల కనబడ్డోళ్ళందరికి చెప్పుకుంట పోవాలె."